పొన్నంకి పిట్టను వెతికేవారికి: అపోహలు - వాస్తవాలు

నల్లమల అడవిలోని మన్ననూరు వైపు పక్షులను చూడటానికి కొత్తవారిని తీసుకెళ్లినప్పుడల్లా వినే మాటలివి.

అపోహ: రంగురంగుల పిట్టలు కావాలంటే మలేసియా వానాడవులకు పోవాలి.

వాస్తవం: మన పొన్నంకి పిట్ట చేరే ‘పిట్టా’ అనే పక్షి కుటుంబంలో ఎక్కువ జాతులు ఆగ్నేయాసియాలో ఉన్న మాట నిజమే. కానీ ఆ కుటుంబానికి పేరిచ్చింది మన తెలుగు ‘పిట్ట’. 1816లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త వియ్యో ఆ మాటనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరుగా పెట్టాడు. హిందీవారు నవరంగ్ అనే మన పొన్నంకి పిట్ట చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, గుడ్లు పెట్టడానికి మధ్య భారతం, హిమాలయాల దిగువకు వెళ్తుంది. నల్లమల ఆ దారిలోనే ఉంది. ఆకురాల్చే ఎండు అడవే కదా అని తీసిపారేయకండి. రోహిణి కార్తె నుంచి తొలకరి దాకా చెవులు రిక్కించండి.

అపోహ: అన్ని రంగులున్న పిట్ట దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వాస్తవం: నేనూ మొదట్లో కొమ్మలకేసి చూసి చూసి మెడ పట్టేయించుకున్నాను. అది పది అడుగుల దూరంలో నేల మీద ఉంది! ఆకుపచ్చ వీపు మనవైపు పెట్టి, ఎండుటాకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. తోక కింది ఎరుపు, రెక్క మీది నీలం పొద నీడలో ఆరిపోతాయి. పట్టిచ్చేది దాని గొంతే. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు దాన్ని ‘ఆరు గంటల పిట్ట’ అనేది అందుకే. ఈల వినిపించగానే అటు పరుగెత్తకండి. అటవీ సిబ్బంది అనుమతించిన చోట, పొదలకు ఎదురుగా కదలకుండా కూర్చోండి. ఆకులు గలగలమంటే సగం సార్లు తొండే. పిట్ట అయితే గెంతి, ఆగి, ఆకు విసిరి, మళ్లీ గెంతుతుంది. నలుగురికి మించి నా వెంట తీసుకెళ్లను. ఐదోవారికి తప్పకుండా దగ్గు వస్తుంది.

అపోహ: ఫోనులో కూత వినిపిస్తే దానంతటదే వస్తుంది.

వాస్తవం: రావచ్చు, మరో పిట్ట తన చోటికి వచ్చిందన్న కంగారుతో, మేత మానేసి. దూర ప్రయాణంలో ఉన్న ప్రాణితో ఆ ఆట నాకు నచ్చదు.

అపోహ: నీలి రెక్కలుంటే పొన్నంకి పిట్టే.

వాస్తవం: తీగ మీద కూర్చుంటే పాలపిట్ట. దానికి అడవి అక్కర్లేదు, నల్గొండ పొలాల పక్కన కరెంటు తీగ చాలు. పొన్నంకి పిట్టది మొండి తోక.

అపోహ: ఇంట్లోకి వచ్చి పడిన పిట్ట నోట్లో నీళ్లు పోయాలి.

వాస్తవం: వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రాత్రిపూట వలస వెళ్లే పిట్టలు దీపాలకు తడబడి ఇళ్లలోకి వస్తుంటాయి. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో, పిల్లికి అందకుండా ఉంచి, సాయంత్రం పొద దగ్గర మూత తీసి పక్కకు తప్పుకోండి.