స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉంది కదా, ఇంకేం టెన్షన్?

అపోహ: ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్; స్విచ్‌ల మధ్య డేటా గుండ్రంగా తిరిగే లూప్ పడకుండా అదనపు దారిని మూసే పద్ధతి) స్విచ్‌లో ముందే ఆన్‌లో ఉంటుంది. మనం ముట్టుకోనక్కర్లేదు.

వాస్తవం: చాలా మేనేజ్డ్ స్విచ్‌లలో (సెట్టింగులు మార్చుకోగలిగేవి) ఆన్‌లోనే ఉంటుంది, లూప్‌నూ ఆపుతుంది. కానీ ఏ దారి మూయాలో లెక్క తేల్చేది రూట్ బ్రిడ్జ్‌ను (దారుల లెక్కకు కేంద్రంగా ఎన్నికైన స్విచ్) బట్టి. మనం చెప్పకపోతే అన్ని స్విచ్‌ల ప్రయారిటీ 32768. ఈ అంకె ఎవరికి తక్కువో వాళ్లే రూట్; అందరూ సమానమైతే మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే వచ్చే నంబర్) ఎవరిది చిన్నదో వాళ్లే పెద్ద. తరచుగా అది మూలనున్న పాత స్విచ్చే అవుతుంది.

ఒక ఆఫీసులో ఇదే చూశాను. మెట్ల కింద గదిలోని పాత 100 ఎంబీ స్విచ్ రూట్ అయి కూర్చుంది. దాని నుంచి రెండు కోర్ స్విచ్‌లకూ (నెట్‌వర్క్ నడుమ ఉండే ప్రధాన స్విచ్‌లు) చెరో కేబుల్. రూట్ దగ్గరికి ఖర్చు తక్కువున్న దారినే ఎస్‌టీపీ ఉంచుతుంది: 100 ఎంబీ లింక్ ఖర్చు 19, గిగాబిట్‌ది 4. రెండో కోర్‌కు రూట్ దగ్గరికి నేరుగా వెళ్తే 19, మొదటి కోర్ మీదుగా వెళ్తే 23. దాంతో కోర్‌ల మధ్య గిగాబిట్ లింక్ బ్లాక్ అయింది, ట్రాఫిక్ అంతా మెట్ల కింద నుంచి! నెట్ స్లో అని వారం రోజులు ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకున్నాం. మొదటి కోర్‌కు 4096, రెండోదానికి 8192 ఇచ్చాక సర్దుకుంది. ఈ విలువ 4096 గుణిజాల్లోనే ఇవ్వాలి.

అపోహ: పోర్ట్‌ఫాస్ట్ పెడితే ఆ పోర్టులో ఎస్‌టీపీ ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. మామూలుగా లింక్ వచ్చాక లిజనింగ్ దశ 15, లెర్నింగ్ దశ 15, మొత్తం 30 సెకన్లు పోర్టు డేటా పంపదు. ఈలోగా పీసీ డీహెచ్‌సీపీని (ఐపీ అడ్రస్ ఇచ్చే సేవ) అడిగి విసిగి 169.254తో మొదలయ్యే, నెట్‌కు పనికిరాని అడ్రస్ పెట్టుకుంటుంది. పోర్ట్‌ఫాస్ట్ ఆ ఎదురుచూపును తీసేస్తుంది, అంతే. బీపీడీయూలు (ఎస్‌టీపీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశాలు) వెళ్తూనే ఉంటాయి. పీసీలు, ప్రింటర్లు ఉన్న పోర్టులకే ఇది పెట్టి, పక్కనే బీపీడీయూ గార్డ్ కూడా పెట్టండి. అవతల నుంచి బీపీడీయూ వచ్చిందా, పోర్టు మూతపడుతుంది.

అపోహ: బీపీడీయూ గార్డ్ అయినా బీపీడీయూ ఫిల్టర్ అయినా ఒకటే.

వాస్తవం: కానే కాదు. సిస్కోలో పోర్టు మీద బీపీడీయూ ఫిల్టర్ పెడితే బీపీడీయూలు వెళ్లవు, వచ్చినవాటిని పట్టించుకోదు. అంటే అక్కడ ఎస్‌టీపీ లేనట్టే.

అపోహ: ర్యాపిడ్‌కు (ఎస్‌టీపీ వేగవంతమైన రూపం) మారితే అన్నీ క్షణాల్లో అయిపోతాయి.

వాస్తవం: 2001లో 802.1డబ్ల్యూ ప్రమాణంగా వచ్చిన ర్యాపిడ్ వేగమైనదే. అయితే పీసీ పోర్టును ఎడ్జ్ (అవతల స్విచ్ లేని పోర్టు) అని చెప్పకపోతే పాత టైమర్లతోనే నడవొచ్చు. హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి ఒకవైపే డేటా వెళ్లే) లింక్‌దీ అదే గతి.

అపోహ: గార్డ్ ఉంది కాబట్టి టేబుల్ కింద చిన్న స్విచ్‌లతో భయం లేదు.

వాస్తవం: వాటిలో చాలావి బీపీడీయూను అలాగే దాటిస్తాయి. ఎవరైనా ఒకే కేబుల్ రెండు కొసలూ అందులో గుచ్చితే మన బీపీడీయూ మనకే తిరిగొచ్చి గార్డ్ పట్టుకుంటుంది. కొన్ని మాత్రం దాన్ని మింగేస్తాయి, అప్పుడు గార్డ్‌కు ఏమీ తెలియదు. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు ఐపీ ప్యాకెట్‌లా టీటీఎల్ (ఇన్ని మజిలీల తర్వాత పారేయమని చెప్పే లెక్క) లేదు కాబట్టి, ఒక్క బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్లే ఫ్రేమ్) చాలు, తిరుగుతూనే ఉంటుంది. అందుకే అలాంటి పోర్టుల్లో స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్‌లు మితిమీరితే అడ్డుకునే సెట్టింగ్) కూడా పెడతాను. "సార్, నెట్ పోయింది" అని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది టేబుల్ కింద ఏముందనే.