స్కోపును పట్టి ఉంచేది స్క్రూ కాదు

ఐనవోలు మల్లన్న జాతరలో మొన్న ఓ పిల్లగాడు ఎయిర్‌గన్‌తో ఐదు గుండ్లు కాల్చాడు. ఒక్క బుగ్గా పగల్లేదు. "కాకా, నీ తుపాకి ముక్కు వంకరున్నది" అని అలిగిపోయాడు. నేను తీసి చూశాను. గొట్టం కొసన గురి చూసే ఇనప ముక్క వేలితో తోస్తే కదులుతోంది. పిల్లగాడన్నది నిజమే.

అదే తంటా రైఫిల్ మీద గురి చూడ్డానికి బిగించే దుర్బీనుకూ, అంటే స్కోపుకూ ఉంది. లీవర్ యాక్షన్ రైఫిల్‌కైతే ముందు చోటు దగ్గరే పేచీ. కౌబాయ్‌లు కింది పిడిని టకటకా ఆడిస్తూ కాల్చేవి ఇవే. జాన్ బ్రౌనింగ్ రూపమిచ్చిన 1894 నాటి వించెస్టర్ ఖాళీ తూటాను నెత్తిమీది నుంచి ఎగరేస్తుంది, స్కోపు కూర్చోవాల్సిందీ అక్కడే. 1948లో వచ్చిన మార్లిన్ 336 దాన్ని పక్కకు విసురుతుంది, పైభాగం మూసి ఉంటుంది. అందుకే స్కోపు పెట్టుకునేవాళ్లు దానివైపు మొగ్గారు. అయినా స్కోపు అడ్డొచ్చి, వెనకున్న తూటా పేల్చే సుత్తికి బొటనవేలు అందదు. సుత్తికి పక్కకు చిన్న కొమ్ము తగిలించుకోవాలి.

ఇక నిలబెట్టడం. ఈ రైఫిళ్లలో వాడే థర్టీ-థర్టీ రకం తూటా పేలితే మూడు కిలోల పైచిలుకు రైఫిల్ ఒకటిన్నర మిల్లీసెకనులో సుమారు సెకనుకు 3 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. 400 గ్రాముల స్కోపు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. దాన్ని తనతో లాక్కుపోవడానికి రైఫిల్‌కు దాదాపు 80 కిలోల బరువంత బలం కావాలి. ఆ బలాన్ని మోసేది స్క్రూయే అనుకుంటాం. కాదు, రెండు ఇనప ముఖాల మధ్య రాపిడి. బిగించిన స్క్రూ వెంట్రుకవాసి సాగి, స్ప్రింగులా ఆ ముఖాలను అదిమి పట్టుకుంటుంది, అంతే.

ఆ ముఖాలు అడ్డంగా ఇసుమంత జారినా స్క్రూ తనంతట తానే వెనక్కి తిరుగుతుందని 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు చూపించాడు. గుంతల రోడ్డు మీద బండి అద్దం వదులయ్యేదీ ఇలాగే. స్కోపు గొట్టాన్ని పట్టుకునే రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లనుకోండి. ఒక కొస కాగితం మందమంత, అంటే 0.1 మిల్లీమీటరు, పక్కకు జరిగితే చాలు, వంద మీటర్ల దగ్గర గురి 10 సెంటీమీటర్లు తప్పుతుంది.

కాబట్టి ముందు నూనె జిడ్డు తుడవాలి. స్క్రూలను ఒక్కొక్కటి పూర్తిగా కాకుండా మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించాలి. రింగుల కింద ఉండే అడుగు ప్లేటు స్క్రూలకు, వదులు కాకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ జిగురు ఒక చుక్క చాలు. బలముంది కదా అని పట్టుబట్టి తిప్పితే త్రెడ్డు పోతుంది, రింగుల దగ్గరైతే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది.

స్ప్రింగు ఎయిర్‌గన్ ఇంకా మొండిది. ముందు వెనక్కి తన్ని, లోపలి పిస్టన్ కొసకు తగలగానే ముందుకు దూకుతుంది. స్కోపు వెనక్కి జారుతుంది. అందుకే దాని మౌంటుకు, అంటే స్కోపును పట్టే బిగింపుకు, అడ్డుపిన్ను ఉంటుంది.

జాతర తుపాకీకి అవేవీ లేవు. "ఒక్క స్క్రూ బిగిస్తే చాలు గదనే" అన్నాను.

దుకాణాయన తుపాకీ అందుకుని, "అది బిగిస్తే నేనేం తినాలె సారూ?" అన్నాడు.