పిల్లలు దారి తప్పకముందే కుటుంబానికి శిక్షణ: అపోహలు - వాస్తవాలు

పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ కలిపి శిక్షణ తరగతులు నడపడం నా వృత్తి. పొగ, మద్యం, మత్తు మందులు, ప్రాణాల మీదికి తెచ్చే పందేలు, ఆన్‌లైన్‌లో అపరిచితులతో స్నేహాలు, తొందరపాటు లైంగిక సంబంధాలు: ఇవేవీ మొదలుకాకముందే చేయాల్సిన పని ఇది. తరగతికి వచ్చే పెద్దలు పిల్లల మీద ఎంతో ప్రేమతో వస్తారు. దాంతోపాటు కొన్ని గట్టి నమ్మకాలనూ వెంట తెచ్చుకుంటారు. వాటిలో నాకు తరచుగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: "మా వాడు బుద్ధిమంతుడు. ఈ తరగతులు చెడిపోయిన పిల్లలకు కదా?"

ఈ రంగంలో బాగా పేరున్న 'స్ట్రెంగ్తెనింగ్ ఫ్యామిలీస్' కార్యక్రమాన్ని 1980ల మొదట్లో అమెరికాలోని యూటాలో కరోల్ కుంప్‌ఫర్ రూపొందించారు. అది మొదట మత్తుకు బానిసలైన తల్లిదండ్రుల పిల్లల కోసమే. తర్వాత అక్కడి అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని 10-14 ఏళ్ల పిల్లలున్న ఏ కుటుంబానికైనా సరిపోయేలా మార్చారు. మా తరగతులూ ఆ పద్ధతిలోనే: వారానికి ఒక రోజు, రెండు గంటలు, ఏడు వారాలు. మొదటి గంట పెద్దలు ఒక గదిలో, పిల్లలు మరో గదిలో ఉంటారు. రెండో గంట అందరూ కలిసి కూర్చుంటారు. అన్ని రకాల కుటుంబాలూ కలిసి రావడం వల్ల ఇంకో మేలు ఉంది. ఇప్పటికే గాడి తప్పిన పిల్లలను మాత్రమే ఒకచోట చేర్చితే వారు ఒకరి నుంచి ఒకరు మరింత నేర్చుకునే ప్రమాదం ఉందని 1999లోనే పరిశోధకులు హెచ్చరించారు.

అపోహ: "గట్టిగా భయపెడితే ఆ ఛాయలకే వెళ్లరు."

పిల్లలను జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత బెదిరించే కార్యక్రమాలు అమెరికాలో చాలాకాలం నడిచాయి. వాటి ఫలితాలన్నింటినీ కలిపి చూస్తే, జైలు చూసి వచ్చిన పిల్లలే చూడని వారికంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన 'డేర్' కార్యక్రమంలో పోలీసు అధికారులు బడికి వచ్చి మత్తు మందుల గురించి పాఠాలు చెప్పేవారు. ఏళ్ల తరబడి జరిపిన అధ్యయనాల్లో ఆ పాత పాఠాల వల్ల వాడకం చెప్పుకోదగ్గంతగా తగ్గినట్టు కనిపించలేదు.

కారణం ఊహించలేనిదేమీ కాదు. పొగ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయని పన్నెండేళ్ల పిల్లకు తెలుసు. నలుగురు చూస్తుండగా స్నేహితురాలు చేతికి అందిస్తే ఏమనాలో మాత్రమే తెలియదు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు కంప్యూటర్‌లో కారు నడిపే ఆటతో ఒక ప్రయోగం చేశారు. 13-16 ఏళ్ల వారు ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ సాహసాలు చేశారు. 24 ఏళ్లు దాటిన వారిలో ఆ తేడా లేదు. అందుకే మేం పిల్లల చేత మాటలు పలికించి సాధన చేయిస్తాం. తల వంచుకుని "వద్దులే" అంటే ఎదుటివారు ఇంకోసారి అడుగుతారు. కళ్లలోకి చూస్తూ "నాకొద్దు, పద ఆడుకుందాం" అంటే వద్దన్నట్టూ ఉంటుంది, స్నేహమూ చెడదు. ఒక్కో పిల్ల ఈ వాక్యాన్ని పదిసార్లు పలికాక గానీ గొంతు నిలబడదు.

అపోహ: "ఫోను తనిఖీ చేస్తుంటే అన్నీ తెలిసిపోతాయి."

నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల కుటుంబాలను పరిశీలించి హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ఒక విషయం బయటపెట్టారు. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసినదానిలో ఎక్కువ భాగం నిఘా వల్ల తెలిసింది కాదు, పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పింది. కాబట్టి అసలు ప్రశ్న వేరే: మీ పిల్లలు మీకు ఎందుకు చెప్పాలి? చెప్పిన తర్వాత మొదటి నిమిషంలో మీరేం చేస్తారు?

మా తరగతిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేస్తాం. బిడ్డ ఒక సంగతి చెప్పాలి. పెద్దలు రెండు నిమిషాల పాటు సలహా ఇవ్వకూడదు. ఒకసారి ఒక బాబు తండ్రితో, "మా క్లాసులో ఒకడు బాత్రూంలో ఈ-సిగరెట్ తాగాడు. నన్నూ తాగమన్నాడు" అన్నాడు. మాట పూర్తికాకముందే తండ్రి, "నువ్వు తాగావా?" అన్నాడు. "లేదు" అని బాబు బూటు లేసు వైపు చూస్తూ ఉండిపోయాడు. అంతటితో సంభాషణ అయిపోయింది.

మళ్లీ మొదటి నుంచి చేయించాను. ఈసారి తండ్రి కాసేపు ఆగి, "నిన్నూ తాగమన్నాడా? అప్పుడు నీకేమనిపించింది?" అని అడిగాడు. "భయం వేసింది. వద్దంటే రేపటి నుంచి నన్ను ఆటకు పిలవరేమో అని ఇంకా భయం వేసింది" అన్నాడు బాబు. ఆ రెండో భయం ఏ ఫోనులోనూ దొరకదు. ఆ తండ్రి తన కుర్చీని కాస్త ముందుకు జరుపుకున్నాడు. నేను చెప్పకుండానే.

అలాగని పర్యవేక్షణ వద్దని కాదు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరితో, ఎప్పుడు వస్తారు అన్నది తెలియాల్సిందే. నియమాలు కొన్నే ఉండాలి, మీరితే ఏమవుతుందో ముందే చెప్పి ఉండాలి. "నెల రోజులు ఫోను ఇవ్వను" అని కోపంలో అరిచి మూడో రోజున ఇచ్చేయడం కంటే, ఒక్క సాయంత్రం ఇవ్వకుండా మాట మీద నిలబడటం మేలు. పిల్లలు గొడవ చేసినప్పుడల్లా పెద్దలు వెనక్కి తగ్గితే, గొడవ చేస్తే పని జరుగుతుందనే పాఠం వారికి వంటబడుతుంది.

అపోహ: "ఇంట్లో మన ఎదుటే కొంచెం రుచి చూపిస్తే బయట హద్దులో ఉంటారు."

ఉండరు. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లలను ఆరేళ్లపాటు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులు మద్యం ఇవ్వడం వల్ల ఎలాంటి రక్షణా కనిపించలేదు. పైగా అలాంటి పిల్లలకు ఇతరుల నుంచి కూడా మద్యం అందే అవకాశం పెరిగింది.

అపోహ: "ఆ విషయాలు ఎత్తితే లేనిపోని ఆలోచనలు పుడతాయి."

లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని యునెస్కో 2018 నాటి మార్గదర్శకాలు అధ్యయనాల ఆధారంగా స్పష్టంగా చెప్పాయి. ఇంట్లో మాట్లాడటానికి జంకుతున్నవారికి నేను చెప్పేది ఇదే: ఎదురుగా కూర్చోబెట్టి గంటసేపు ప్రసంగించకండి. కలిసి నడుస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో రెండు మాటలు చాలు. మరో రోజు ఇంకో రెండు మాటలు. ముఖాలు చూసుకోనక్కర్లేని చోట పిల్లలు సులువుగా నోరు విప్పుతారు.

అపోహ: "ఏడు వారాలు వస్తే ఇక బెంగ లేదు."

ఇది టీకా కాదు. అయోవాలో ఈ కార్యక్రమానికి హాజరైన కుటుంబాల్లో కొన్నేళ్ల తర్వాత కూడా మంచి ఫలితాలు కనిపించాయి. స్వీడన్, పోలండ్‌లలో జరిపిన పరీక్షల్లో మాత్రం ఆశించిన ఫలితం రాలేదు. ఒకచోట పనిచేసింది మరోచోట అలాగే పనిచేస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. నేర్చుకున్నది జారిపోకుండా చూసుకోవడానికే, కొన్ని నెలల తర్వాత మళ్లీ కలిసే నాలుగు తరగతులు ఇందులో ఉన్నాయి. వాటికి రాని కుటుంబాలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మీ బిడ్డ ఇప్పటికే మత్తు పదార్థాలు మానలేని స్థితిలో ఉన్నా, తనకు తాను హాని చేసుకుంటున్నా ముందు మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మా తరగతి ఆ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. చికిత్స జరుగుతున్న రోజుల్లో కూడా మీరు మా దగ్గరికి రావచ్చు. బిడ్డ రాలేని వారం మీరొక్కరే వచ్చినా కుర్చీ వేసి ఉంచుతాం.