మిస్టరీ మెషీన్ వ్యాన్లు: రంగుకు ముందు రేకు సంగతి
అపోహలు - వాస్తవాలు

ఒహాయోలోని మా బాడీ షాపుకు పాత వ్యాన్లు తెచ్చే స్కూబీ-డూ అభిమానులు మొదట అడిగేది రంగుల గురించే. 1969 సెప్టెంబరు 13న సీబీఎస్‌లో మొదలైన ఆ హానా-బార్బెరా కార్టూన్‌తో పెరిగినవారు, అందులోని మిత్రబృందం తిరిగే మిస్టరీ మెషీన్ అనే వ్యాన్ మీద ఉన్నట్టే తమ బండి మీద కూడా అదే నీలం, అదే ఆకుపచ్చ, అవే నారింజ పూలు చూసుకోవాలని ఆశపడటం నాకు ఎంతో ఇష్టం. అయితే బండి అడుగున రేకు ఎలా ఉందో చూసుకుని వచ్చేవారు అరుదు.

అపోహ: పాత బండికి తుప్పు మామూలే. గీకి, లప్పం పెట్టి, మంచి రంగు కొడితే సరిపోతుంది.

వాస్తవం: అత్యధికంగా డబ్బు పోగొట్టేది ఈ నమ్మకమే. అభిమానులు తరచుగా ఎంచుకునే 1960ల నాటి డాడ్జ్ ఏ100, తొలితరం ఫోర్డ్ ఎకనోలైన్ వంటి వ్యాన్లకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద ఉండే రాకర్ ప్యానెళ్ళు, వాటికి వెల్డింగ్ చేసిన అడుగు పట్టీలు కలిసి బండి బరువును మోస్తాయి కనుక, అక్కడ పట్టిన తుప్పును అందానికి సంబంధించిన లోపంగా చూడకూడదు. పైగా ఏ100లో ఇంజను రెండు సీట్ల మధ్యన, డ్రైవరు ముందు ఇరుసు మీద ఉంటారు. మోకాళ్ళకూ ఎదుటి బండికీ మధ్య ఉన్నది కాస్త రేకు మాత్రమే.

మా ప్రాంతంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు రాకర్ ప్యానెల్ లోపలికి చేరి, నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయాక అక్కడే నిలిచి, రేకును లోపలి నుంచి బయటకు తింటుంది. పైన చిన్న పొక్కు కనిపించేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. అలాంటి చోట పైపైన గీకి లప్పం పెడితే, వెనక నుంచి తగిలే తేమను లప్పం పీల్చుకుని ఉబ్బి, కొత్త రంగును పైకి లేపేస్తుంది.

ఒక దంపతులు పిల్లల కోసం కొన్న ఏ100ను ఈ మధ్య తీసుకొచ్చారు. మెరిసే కొత్త రంగు, చక్కగా గీసిన పూలు. వెనక చక్రం దగ్గరి పూరేకు అంచున మాత్రం కందిగింజంత పొక్కు ఉంది. అక్కడ అయస్కాంతం పెడితే నిలవకుండా జారిపోయింది. స్క్రూడ్రైవరుతో నొక్కగానే అది పిడి దాకా దిగిపోయింది. లోపల జాలీ, దాని మీద వేలి మందాన లప్పం తప్ప రేకు లేదు. "మేమే సరిగ్గా చూసుకోలేదా?" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అమ్మినవారు కావాలని దాచిన లోపాన్ని కొత్తవారు కనిపెట్టలేకపోవడం తప్పెలా అవుతుంది? కుళ్ళిన భాగం కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, అతుకులకు సీలరు, పైన ఎపాక్సీ ప్రైమరు, లోపలి బోలులో మైనం పట్టించాము. లప్పం ఆ తరువాతనే, అదీ పలుచగా. వారు ఆ రంగుకు రెండోసారి డబ్బు పెట్టవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే కొనేముందు అయస్కాంతం, టార్చి వెంట తీసుకెళ్ళండి. మ్యాట్లు ఎత్తి చూడండి. విజయవాడ ఆటోనగర్‌లో నాకు టింకరింగ్ నేర్పిన మేస్త్రీ రేకును వేలితో తట్టి, చప్పుడు మందంగా ఉన్నచోట లప్పం ఉందని చెప్పేవారు. ఆ పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. ఒక పక్క జాకీ ఎత్తినప్పుడు తలుపు సందు మారినా, తలుపు బిగుసుకుపోయినా ఆ బండిని వదిలేయండి.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అక్కరలేదు. వినైల్ స్టిక్కరు వేస్తే తుప్పు ఆగదు. కింది గతుకులన్నీ పైకి కనిపిస్తాయి. కార్టూన్ బండికి కంపెనీ రంగు నంబరేదీ లేదు, కాబట్టి "అసలు కోడ్" అని అమ్మేవారిని నమ్మవద్దు. ఫోక్స్‌వ్యాగన్ అయితేనే సరైనదన్న మాటలోనూ నిజం లేదు. ఇలాంటి బండి కనిపిస్తే పోలీసులు ఆపేస్తారన్నది వట్టి పుకారు. 2016లో కాలిఫోర్నియాలోని రెడ్డింగ్‌లో ఇదే రంగులున్న క్రైస్లర్ మినీవ్యాన్‌ను పోలీసులు వెంబడించిన మాట నిజమే. నడిపిన వ్యక్తిపై ప్రొబేషన్ (జైలుకు బదులు కోర్టు పెట్టే షరతులు) ఉల్లంఘన ఆరోపణ ఉండటమే దానికి కారణం. రంగు మార్చిన సంగతి మాత్రం మీ బీమా సంస్థకు తప్పక చెప్పండి; కొన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్‌లోనూ మార్పించుకోవాలి.

ఇంటి వద్దే పని మొదలుపెట్టేవారు పాత రంగును పొడిగా గీకవద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశముంది కనుక తడిపి గీకండి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. గట్టిపరిచే ద్రావణం కలిపి కొట్టే క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పూత)లోని ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలను దుమ్ము మాస్కు ఆపలేదు; బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ ఒక్క పనినీ షాపుకు అప్పగించండి.