తలసీమియా క్యారియర్ టెస్ట్: ఆయన రక్తం కూడా ఎందుకు?

"మా రెండు వైపులా ఎవరికీ లేదు మేడమ్, ఈ టెస్ట్ దేనికి?" గర్భిణికి తొలి చెకప్‌లో హెచ్‌పీఎల్‌సీ (తలసీమియా క్యారియరో కాదో చూసే రక్తపరీక్ష) రాస్తే దాదాపు అందరూ అడిగేది ఇదే. తలసీమియా తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తజబ్బు. దాని జన్యువు ఒక్కటే మోస్తున్నవాళ్లు క్యారియర్లు. వాళ్లు మామూలుగానే ఉంటారు, అందుకే తరాలు గడిచినా బయటపడదు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసీమియా క్యారియర్లే.

దీన్నైనా నచ్చజెప్పొచ్చు. అసలు కొంప ముంచేది ఇంకొకటి.

అపోహ: "లోపం అమ్మాయిదని తేలిపోయిందిగా, అబ్బాయికి టెస్ట్ ఎందుకు?"

ఆమె హెచ్‌బీఏ2 (హీమోగ్లోబిన్‌లో ఒక రకం) 3.5 శాతం దాటిందంటే క్యారియర్ అయ్యే అవకాశం ఎక్కువ. అది జబ్బు కాదు, లోపం అంతకన్నా కాదు. ఆయన క్యారియర్ కాకపోతే బిడ్డకు తలసీమియా మేజర్ (తరచూ రక్తం ఎక్కించాల్సొచ్చే తీవ్రమైన జబ్బు) రాదు. ఇద్దరూ క్యారియర్లైతే మాత్రం ప్రతి కాన్పులోనూ 25 శాతం ప్రమాదం. మొదటి బిడ్డ బాగున్నా రెండో బిడ్డకూ అదే లెక్క. అంటే తేల్చాల్సింది ఆయన రక్తమే. కానీ ఆయన రారు. "మావాడు గుండ్రాయిలా ఉన్నాడు" అంటారు అత్తగారు. గుండ్రాయిలా ఉండి, హీమోగ్లోబిన్ 13 ఉన్నా క్యారియర్ కావచ్చు.

ఈలోపు వారాలు గడిచిపోతాయి. బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడడానికి సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయాలంటే 11 నుంచి 13 వారాల మధ్య, ఉమ్మనీరు తీయాలంటే 16 దాటాక. అంతకుముందే ఇద్దరిలోనూ ఏ మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఉందో డీఎన్‌ఏ టెస్టులో పట్టుకోవాలి, దానికీ టైమ్ పడుతుంది. అయిదో నెలలో ఆయన రిపోర్టు పట్టుకుని పరుగెత్తుకొస్తే అందరికీ టెన్షనే.

ఒకమ్మాయి తన రిపోర్టును నాలుగు మడతలు పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లో అడుగున దాచుకుంది. "చెల్లికి సంబంధాలు చూస్తున్నారు మేడమ్. మా అత్తయ్య చెవిన పడితే ఊరంతా తెలిసిపోతుంది." అర్థం కాక కాదు. నేను బొమ్మ గీస్తుండగానే 25 శాతం అని తనే చెప్పేసింది. ఆమె చూసుకున్న లెక్క వేరు: పేరు, చెల్లి పెళ్లి, ఆ ఇంట్లో తన స్థానం. ఇలాంటి వాళ్లను "అవగాహన లేదు" అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. భర్తను విడిగా పిలిచి మాట్లాడితే, మర్నాడే మా వీధి చివర ల్యాబ్‌లో రక్తం ఇచ్చొచ్చాడు. నార్మల్. అత్తగారికి ఇప్పటికీ తెలియదనుకుంటా.

వీలైనచోటల్లా మొదటి రోజే ఇద్దరికీ కలిపి రాస్తాను. ఎవరిది ముందు బయటపడిందన్న గొడవే ఉండదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలు చూసే స్కాన్) బాగుంటే చాలా? చాలదు, తలసీమియా స్కాన్‌లో కనిపించదు. ఐరన్ మాత్రలతో క్యారియర్ స్థితి పోతుందా? పోదు. మేనరికం కాదు కదా? మేనరికమైతే ప్రమాదం పెరిగే మాట నిజమే, బయటి సంబంధమైనంత మాత్రాన తప్పిపోదు. ఆమె తలసీమియా క్యారియర్, ఆయన సికిల్ సెల్ (ఇదీ వంశపారంపర్య రక్తజబ్బే) క్యారియర్ అయినా బిడ్డకు జబ్బు రావచ్చు; ఏజెన్సీ ప్రాంతాల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పాజిటివ్ వస్తే గర్భం తీసేయమంటారా? ఎవరూ అనరు. బిడ్డకు ఉందో లేదో తెలుసుకోవడమైనా, ఆ తర్వాత ఏం చేయాలన్నదైనా మీ నిర్ణయమే.

ఇప్పటికే నెల తప్పి, మీ హెచ్‌బీఏ2 ఎక్కువ వచ్చి ఉంటే వచ్చే చెకప్ దాకా ఆగొద్దు. ఈ వారంలోనే ఆయన్ను ల్యాబ్‌కు పంపండి. పరగడుపున వెళ్లాల్సిన పని కూడా లేదు.