అంగారకుడి మీద కాపురం, ఆన్‌లైన్ బడి: అపోహలు - వాస్తవాలు

అంతరిక్ష ఆవాసాల గురించి స్కూలు పిల్లలకు ఆన్‌లైన్‌లో కోర్సు నడుపుతుంటాం. పిల్లలు పంపే ప్రాజెక్టుల్లోనూ పెద్దవాళ్లు అడిగే ప్రశ్నల్లోనూ కొన్ని నమ్మకాలు ఏ బ్యాచ్‌లో చూసినా ఉంటాయి. అందరి చూపూ రాకెట్ మీదే. అది దిగాక మొదలయ్యే గాలి, నీళ్లు, ఫిల్టర్లు, స్పేర్ పార్టుల గొడవ ఎవరికీ పట్టదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: మొక్కలు పెంచితే చాలు, ఆక్సిజన్ దానంతటదే వస్తుంది

ఒక మనిషికి రోజుకు దాదాపు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. వదిలే కార్బన్ డయాక్సైడ్ కిలో దాకా ఉంటుంది. మొక్క దీన్ని తీసుకుని దాన్ని ఇస్తుంది, కాదనం. కానీ ఆ మొక్కను మనం తిన్నా, కాల్చినా, కుళ్లబెట్టినా అది ఇచ్చినంత ఆక్సిజనూ తిరిగి ఖర్చయిపోతుంది. వరి పండిస్తే గింజ మన కంచంలోకి వస్తుంది. గడ్డి, ఊక, వేర్లు కంపోస్టు గుంతలోకి పోతాయి. ఆ గుంతలోని సూక్ష్మజీవులు పీల్చేదీ మన గదిలోని గాలే. అందుకే ప్రాజెక్టులో దిగుబడితో పాటు గడ్డి లెక్క కూడా రాయమంటాం. రాసేవాళ్లు తక్కువ.

అమెరికాలో అరిజోనాలోని బయోస్ఫియర్ 2 అనే మూసిన ఆవాస ప్రయోగం దెబ్బతిన్నది ఈ లెక్క దగ్గరే. 1991 సెప్టెంబరు 26న ఎనిమిది మంది 1.27 హెక్టార్ల గాజు కట్టడంలోకి వెళ్లి తలుపులు మూసుకున్నారు. పదహారు నెలల్లో లోపలి ఆక్సిజన్ 20.9 శాతం నుంచి సుమారు 14.5 శాతానికి పడిపోయింది. అంటే లేహ్ కంటే ఎత్తున, 4,000 మీటర్ల దగ్గర ఊపిరి తీసుకుంటున్నట్టు. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించక తప్పలేదు. పంట బాగా రావాలని సేంద్రియ పదార్థం దండిగా ఉన్న మట్టి పోశారు, ఆ మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేశాయి. అలాగైతే కార్బన్ డయాక్సైడ్ అంతకంత పెరగాలి కదా, పెరిగితే మొక్కలు దాన్ని వాడుకుని ఆక్సిజన్ తిరిగిచ్చేవి కదా? పెరగాల్సినంత పెరగలేదు. కట్టడంలోని కాంక్రీటు దాన్ని పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా మార్చేసుకుంది. పోయిన ఆక్సిజన్ గోడల్లో తేలింది!

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆక్సిజన్ తయారీ మొక్కల మీద ఆధారపడి లేదు. అక్కడ నీటిని కరెంటుతో విడగొడతారు. 840 గ్రాముల ఆక్సిజన్‌కు 945 గ్రాముల నీళ్లు ఖర్చు. మిగిలిన హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే (సబాతియే చర్య) కొంత నీరు తిరిగి వస్తుంది. అయితే ఆ చర్యలో సగం హైడ్రోజన్ మీథేన్‌లోకి పోతుంది, ఆ మీథేన్‌ను బయటికి వదిలేస్తారు. కాబట్టి ఆ వలయం ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. బయటి నుంచి ఏదో ఒకటి పోస్తూనే ఉండాలి.

ఇస్రో 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పంపిన పీఎస్ఎల్‌వీ-సీ60లో అలసంద గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. మంచి ప్రయోగం. దాన్ని పట్టుకుని ‘అంతరిక్షంలో వ్యవసాయం మొదలైంది’ అనేస్తేనే పేచీ. మొలక రావడానికి గింజలో దాచుకున్న తిండి చాలు. ఒక మనిషి పూర్తి ఆహారం పండించాలంటే దీపాల కింద, ఏడాది పొడవునా, దాదాపు 40-50 చదరపు మీటర్ల మడి కావాలని అంచనా.

అపోహ: 98 శాతం నీరు తిరిగి వస్తోంది, ఇక నీటి సమస్య లేదు

98 శాతం అన్న అంకె నిజమే. 2023లో అంతరిక్ష కేంద్రంలో దాన్ని సాధించారు. చెమట, ఊపిరిలోని తేమ, మూత్రం అన్నీ కలిపిన లెక్క అది. కానీ అక్కడికి చేరిన దారి చూస్తే ఈ రంగంలో కష్టం ఎలాంటిదో అర్థమవుతుంది.

మూత్రాన్ని తక్కువ పీడనంలో, తిరిగే డ్రమ్ములో ఆవిరి చేసి నీటిని వేరు చేస్తారు. దానికి ముందు మూత్రం కుళ్లిపోకుండా, అమ్మోనియా పుట్టకుండా ఆమ్లం కలుపుతారు. మొదట్లో కలిపింది సల్ఫ్యూరిక్ ఆమ్లం. అటు, బరువు లేని చోట ఎముకలు కరిగి వ్యోమగాముల మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా వస్తుంది. ఆ కాల్షియం, ఈ సల్ఫేటు కలిసి డ్రమ్ములో కాల్షియం సల్ఫేట్‌గా గడ్డకట్టాయి, బోరు నీళ్లు కాచే గీజరు కాయిలు మీద తెల్ల పొర పేరుకున్నట్టు. భూమ్మీద పరీక్షల్లో ఈ బెడద బయటపడలేదు. ఇక్కడి మనుషుల ఎముకలు అలా కరగవు. 85 శాతం నీరు తీయాల్సిన యంత్రాన్ని కొంతకాలం 70-75 శాతం దగ్గరే ఆపి నడిపారు. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసేసి ఫాస్ఫారిక్ ఆమ్లం పెట్టాక దారిలో పడింది. చివర మిగిలే చిక్కటి ఉప్పునీటి నుంచి కూడా తేమ లాగే పరికరం వచ్చాకే 98 అందింది.

ఎముక జబ్బు వెళ్లి నీళ్ల మిషను మీద పడిందన్నమాట. ఒక్కో పరికరాన్ని విడిగా పరీక్షించి ‘అంతా బాగుంది’ అనుకుంటే ఇలాంటివే జరుగుతాయి.

ఇంకో సంగతి. అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది. పంపు చెడితే తర్వాతి సరుకుల నౌకలో కొత్తది పంపొచ్చు. అంగారకుడికి మార్గం అనుకూలించేది 26 నెలలకోసారి. పైగా ఇప్పటిదాకా అక్కడ దిగిన వాటిలో అతి బరువైనది పర్సెవరెన్స్ రోవర్, 1,025 కిలోలు. ప్రతి పంపుకూ రెండేసి స్పేర్లు పట్టుకెళ్దామంటే ఆ బరువు దించే దారి ముందు కావాలి.

అపోహ: అంగారకుడి గాలిలోంచే ఆక్సిజన్ తీసేశారుగా

తీశారు. పర్సెవరెన్స్‌లోని మాక్సీ అనే పెట్టె కార్బన్ డయాక్సైడ్‌ను సుమారు 800 డిగ్రీల వేడిలో విడగొట్టింది. 2021-2023 మధ్య 16 సార్లు నడిచి మొత్తం 122 గ్రాములు ఇచ్చింది. ఒక మనిషికి మూడున్నర గంటల ఊపిరి. నలుగురిని అక్కడి నుంచి పైకి లేపే రాకెట్‌కు 25 టన్నుల ఆక్సిజన్ కావాలని నాసా లెక్క. పద్ధతి పనిచేస్తుందని తేలింది, అంతవరకే.

అపోహ: పెద్ద గాజు గోపురం కట్టుకుంటే సరిపోతుంది

బొమ్మల్లో గోపురం అందంగానే ఉంటుంది. అంగారకుడి మీద బయట గాలి పీడనం భూమి మీదున్న దానిలో ఒక శాతం కూడా లేదు. లోపల మనం పీల్చే గాలి నింపితే ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు పది టన్నుల బరువుతో సమానమైన తోపుడు పడుతుంది. గోపురం కూలదు, పైకి లేస్తుంది! కాబట్టి పునాది పని బరువు మోయడం కాదు, లంగరు వేసి పట్టి ఉంచడం. లోపలి పీడనాన్ని సగానికి తగ్గించినా ఐదు టన్నులు మిగులుతుంది. పైన మూడు మీటర్ల మట్టి కప్పితే? అక్కడి గురుత్వం మన దానిలో 38 శాతమే కనుక ఆ మట్టి బరువు పది టన్నుల్లో ఆరో వంతుకే సరిపోతుంది.

మట్టి కప్పాల్సింది మాత్రం నిజమే, అది రేడియేషన్ కోసం. క్యూరియాసిటీ రోవర్ కొలిచిన ప్రకారం అంగారకుడి నేల మీద రోజుకు సుమారు 0.67 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). భూమ్మీద మనకు సహజంగా తగిలేది సగటున ఏడాదికి 2.4. దారిలో ఇంకా ఎక్కువ, రోజుకు 1.8. పోను ఆరు నెలలు, రాను ఆరు నెలలు వేసుకున్నా దాదాపు 660 అవుతుంది. వ్యోమగామికి ఉద్యోగ జీవితమంతా కలిపి నాసా పెట్టిన హద్దు 600. అల్యూమినియం మందం పెంచితే సరి అనుకోవద్దు. విశ్వకిరణాలు లోహాన్ని తాకితే అందులోంచి కొత్త కణాలు పుట్టుకొస్తాయి. హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్లు, పాలిథిన్ మేలు. పడకగది చుట్టూ నీళ్ల ట్యాంకులు పెట్టిన ప్రాజెక్టుకు మేం మార్కులు ధారాళంగా వేస్తాం.

అపోహ: అక్కడి ఎర్రమట్టిలో బంగాళాదుంపలు పండుతాయి

2008లో ఫీనిక్స్ ల్యాండర్ ఆ మట్టిలో పెర్‌క్లోరేట్లు కనుక్కుంది, అర శాతం ఉజ్జాయింపుగా. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడే పదార్థమిది. నీళ్లతో కడిగితే పోతుంది. ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు, మళ్లీ ఎలా శుద్ధి చేస్తారు అన్నది రాయని ప్రాజెక్టు సగమే.

అపోహ: సూర్యుడున్నాడు కాబట్టి కరెంటుకు కొదవలేదు

చంద్రుడి మీద రాత్రి మన లెక్కలో 14 రోజులు దాటుతుంది. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 ల్యాండర్, రోవర్ ఒక పగలు చక్కగా పనిచేశాయి. ఆ రాత్రి చలి తర్వాత మళ్లీ పలకలేదు. వాటిని తయారు చేసిందే ఒక్క పగటి కోసం కనుక అది వైఫల్యం కాదు. కాపురం ఉండేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. పది కిలోవాట్లతో నడిచే చిన్న ఆవాసం ఆ రాత్రి గడవాలంటే దాదాపు 3,500 యూనిట్లు దాచుకోవాలి. కిలోకు 200 వాట్-అవర్లు ఇచ్చే లిథియం బ్యాటరీలైతే 17-18 టన్నులు. ధ్రువాల దగ్గర దాదాపు ఎప్పుడూ వెలుతురు తగిలే గట్ల కోసం, చిన్న అణు రియాక్టర్ల కోసం వెతుకులాట అందుకే.

అపోహ: పిల్లలు ఆన్‌లైన్ క్లాసులు వింటారు, చదువుకు ఢోకా లేదు

ముందు అక్కడ పిల్లలు పుట్టి పెరగగలరా అన్న ప్రశ్న ఉంది. భూమికంటే తక్కువ గురుత్వం ఉన్న నేల మీద మనిషి గడిపిన అతి ఎక్కువ సమయం అపోలో 17 వాళ్లది, చంద్రుడి మీద 75 గంటలు. అంతకు మించి అనుభవం లేదు. ఆ ప్రశ్నను అక్కడే ఉంచి బడి సంగతి చూద్దాం.

ఉపగ్రహంతో పాఠాలు మనకు కొత్త కాదు. 1975-76లో సైట్ అనే ఉపగ్రహ టీవీ పాఠాల ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ప్రసారాలు నేరుగా ఉపగ్రహం నుంచి వచ్చాయి. 2004లో శ్రీహరికోట నుంచే చదువుల ఉపగ్రహం ఎడ్యుశాట్ వెళ్లింది. అలాంటి ఉపగ్రహం మీదుగా ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అర సెకను. చంద్రుడికైతే రెండున్నర సెకన్లు. కాస్త ఓపిక పడితే లైవ్ క్లాసు నడుస్తుంది. అంగారకుడికి ఒకవైపే 3 నుంచి 22 నిమిషాలు. ‘సార్, ఆ మెట్టు మళ్లీ చెప్పండి’ అని అడిగితే జవాబొచ్చేసరికి పీరియడ్ అయిపోతుంది.

కాబట్టి రికార్డు చేసిన పాఠాలే గతి. 45 నిమిషాల వీడియో 500 మెగాబైట్లు అనుకుందాం. అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ భూమికి డేటా పంపే వేగం దూరాన్ని బట్టి సెకనుకు 0.5 నుంచి 6 మెగాబిట్లు. ఇటు నుంచి పంపేటప్పుడూ అదే వేగం అనుకున్నా, గ్రహాలు దూరంగా ఉన్నప్పుడు ఒక్క పాఠం చేరడానికి రెండు గంటల పైమాటే. లేజర్‌తో నాసా సైకీ నౌక 22.6 కోట్ల కిలోమీటర్ల నుంచి సెకనుకు 25 మెగాబిట్లు పంపింది కనుక ఈ ఇబ్బంది తీరేదే. తీరనిది ఆలస్యం.

దీన్ని క్లాసులో ఇలా చేయించొచ్చు. ఇద్దరిద్దరు పిల్లలు, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక టైమర్. రాసిన మెసేజీని 12 నిమిషాలు ఆగాకే పంపాలి. ఒకరు లెక్క అడగాలి, ఇంకొకరు నేర్పాలి. మొదటి గంటలో రెండు మాటలకు మించి నడవవు. రెండో గంటకు ‘నీకు ఇది రాకపోతే ఇలా చెయ్, అది రాకపోతే అలా చెయ్’ అని రాయడం మొదలెడతారు. దూరవిద్య పాఠం రాయాల్సింది అలాగే. ఫ్లెక్సిబుల్ స్కూలింగ్ (వీలును బట్టి సాగే చదువు) అంటే వీడియోలు పడేసి ఊరుకోవడం అనుకునేవాళ్లు ఈ ఆట ఒకసారి ఆడి చూడాలి.

ప్రాక్టికల్స్ దగ్గర ఇంకో తిరకాసు. మీటరు పొడవు లోలకం భూమ్మీద రెండు సెకన్లకోసారి ఊగితే అక్కడ 3.26 సెకన్లు తీసుకుంటుంది. జవాబు పత్రం ఇక్కడ తయారైతే, సరిగ్గా కొలిచిన పిల్లకు సున్నా పడుతుంది. గది పీడనం 55 కిలోపాస్కల్స్ (భూమ్మీది గాలి పీడనంలో సగం పైచిలుకు) అయితే నీళ్లు 84 డిగ్రీల దగ్గరే మరుగుతాయి (కందిపప్పుకు కుక్కర్ తప్పదు). కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించే ప్రయోగానికీ లెక్క చూసుకోవాలి: పది గ్రాముల మైనం కాలితే 34 గ్రాముల ఆక్సిజన్ పోతుంది, మాక్సీ మూడు గంటల కష్టం. కాబట్టి ప్రయోగాలు చూసుకునే టీచరు అక్కడే ఉండాలి, ఇక్కడి నుంచి కుదరదు.

టైమ్‌టేబుల్ కూడా కుదురుగా ఉండదు. అక్కడి రోజు 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. ఇక్కడి టీచరు ఉదయం తొమ్మిదికి దిద్దే అసైన్‌మెంట్ రోజూ నలభై నిమిషాలు ఆలస్యమవుతూ, పద్దెనిమిది రోజులకల్లా రాత్రి తొమ్మిదికి చేరుతుంది. ఇద్దరు టీచర్లు వంతులు వేసుకోవాలి. దాదాపు 26 నెలలకోసారి సూర్యుడు రెండు గ్రహాల మధ్యకు వస్తాడు. అప్పుడు సుమారు రెండు వారాలు సిగ్నల్ నమ్మదగ్గది కాదు, రోవర్లకు కూడా ఆదేశాలు ఆపేస్తారు. పరీక్షలు ఆ రెండు వారాల్లో పడకుండా క్యాలెండరు ముందే వేసుకోవాలి. పునశ్చరణ పాఠాలు, వాటి జవాబులు అంతకు నెల ముందే అక్కడి సర్వర్‌లో ఎక్కించి ఉంచాలి.