మిర్చి యార్డు ఘాటు, మెడ మీది నలుపు

మెడ చుట్టూ చర్మం నల్లబడి, మందమెక్కి, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా తగలడం క్యాన్సర్‌కు గుర్తేనా అని గుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. చాలామందిలో కాదు; అది స్థూలకాయంతోనూ మధుమేహంతోనూ ముడిపడిన ఇన్సులిన్ నిరోధకతకు, అంటే ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడానికి, గుర్తు. అయితే అరుదుగా, ముఖ్యంగా నడివయసు దాటినవారిలో, అదే నలుపు జీర్ణాశయంలో దాగిన క్యాన్సర్‌ను పట్టిస్తుంది. ఎక్కడి జీర్ణాశయం, ఎక్కడి మెడ!

మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పుతుంటే, లోపల అడుగైనా పెట్టని మనిషి బయట రోడ్డు మీద దగ్గుతాడు. గాలిలో తేలివచ్చిన క్యాప్సైసిన్ అనే మిరప ఘాటు పదార్థం అతని గొంతు నాడుల మీద ఉండి దాన్ని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి (రిసెప్టర్‌కు) తగలడమే అందుకు కారణం. ఆ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఆ ఘాటు అతని చొక్కాకూ అంటుతుంది గాని చొక్కా దగ్గదు, ఎందుకంటే దానికి గ్రాహకం లేదు.

కణితిదీ ఇదే తీరు, కాకపోతే ఇక్కడ మోసుకెళ్లేది గాలి కాదు, రక్తం. కొన్ని జీర్ణాశయ క్యాన్సర్లు టీజీఎఫ్-ఆల్ఫా అనే చిన్న ప్రొటీన్‌ను వెలువరిస్తున్నట్లు ఆధారాలున్నాయి. ఎలుక పిల్లలు గడువుకు ముందే కళ్లు తెరవడం చూసి స్టాన్లీ కోహెన్ పట్టుకున్న ఈజీఎఫ్ అనే వృద్ధి కారకానికి (1986 నోబెల్ ఇందుకే) ఇది దగ్గరి చుట్టం; రెండూ చర్మకణాల మీది ఒకే గ్రాహకంలో ఇముడుతాయి. టీజీఎఫ్-ఆల్ఫా తగిలిన కెరటినోసైట్లు, అంటే చర్మపు పైపొర కణాలు, అవసరం ఉన్నా లేకున్నా విభజన చెందుతూ పోతాయి. మనం నలుపు అనుకునేది చాలావరకు అలా పేరుకున్న చర్మపు మందమే కాబట్టి, సున్నిపిండితోనూ నిమ్మచెక్కతోనూ ఎంత రుద్దినా, ఎన్నిసార్లు దిష్టి తీసినా అది వదలదు. నిరోధకత వల్ల రక్తంలో ఇన్సులిన్ మితిమీరినప్పుడు అది కూడా ఐజీఎఫ్-1 అనే మరో వృద్ధి కారకపు గ్రాహకాన్ని తట్టి ఇదే పని చేయిస్తుంది గనుక, రెండు నలుపులూ కంటికి ఒకేలా ఉంటాయి.

తేడా ముఖ్యంగా వేగంలో తెలుస్తుంది. బక్కపలచని మనిషికి కొద్ది వారాల్లోనే నలుపు అలుముకుని, పెదవులకూ నోటిలోపలికీ పాకి, అరచేతులు బోటి లోపలి పొరలా మడతలు తేలి (ఇంగ్లీషులోనూ వీటి పేరు బోటి అరచేతులే), ఆకలి మందగించి బరువు తగ్గుతుంటే, వైద్యుడు పూతమందు రాసిచ్చి ఊరుకోకుండా ఎండోస్కోపీకి పంపాలి.

వేసవి సెలవులకు యార్డు మూస్తే రోడ్డు మీది దగ్గు ఆగినట్లే, గడ్డను తొలగించాక నలుపు వెనక్కి తగ్గినవారున్నారు. వ్యాధి తిరగబెడితే అదీ తిరిగి రావచ్చు.